కుండలో చీటీలు, చెట్టులో కణుపులు

ఈసారి రాసింది కాస్త పొడుగు. ఒక కప్పు టీ, పక్కన ఒక పిడికెడు మన సాత్తూరు సేవు పెట్టుకొని నిదానంగా చదవండి. మేము బడిలో చదివింది అంతా తమిళం. తెలుగు అక్షరాలు ఉద్యోగం దిగినాక, మనమరాలి పలక మీద దిద్ది నేర్చుకొన్నవి. తప్పులుంటే మన్నించి ఫోన్‌లో చెప్పండి, దిద్దుకొంటాము.

జూన్ నెలలో మన సంఘం చదువు సాయానికి చీటీ తీసిన రోజు మీలో చాలామంది మండపంలో ఉన్నారు. నాలుగు చీటీలు తీసినాము, నాలుగు పేర్లు చదివినాము, అందరూ చప్పట్లు కొట్టినారు. భోజనాల దగ్గర ఒక ఆడబిడ్డ మా పక్కకు వచ్చి, "పెద్దనాయనా, కుండలో మా వగయరా చీటీలు ఎన్ని?" అని అడిగింది. మూడమ్మా అన్నాము. "మొత్తం ఎన్ని?" నూటనలభై అన్నాము. ఆమె ఇంకేమీ అడగలేదు. "సరే పెద్దనాయనా" అని చెయ్యి కడుక్కొని వెళ్ళిపోయింది. ఆమె పెద్ద కూతురు ప్లస్ టూ అయినాక చదువు ఆపి అగ్గిపెట్టెల ఫ్యాక్టరీకి పోతూ ఉంది. చిన్నది ఇప్పుడు ప్లస్ టూ.

చందా కట్టిన మనిషికి ఒక చీటీ అనే నియమం రాసింది మేమే. తొమ్మిదేళ్ళుగా చీటీలు మడిచిందీ, కుండ కుదిపిందీ మేమే. ఎవరైనా గొణిగితే, "కుండకు కళ్ళున్నాయా? అది ఎవరి పక్షం?" అని నోరు మూయించినది కూడా మేమే. ఆ మాట ఎంతవరకు నిజమో ఇప్పుడు చెప్తాము. దానికి ముందు కంప్యూటర్‌లో ఉన్న ఒక చెట్టు సంగతి చెప్పాలి. ఓపిక పట్టండి, తిరిగి మన మండపానికే వస్తాము.

మా తమ్ముడి మనమడు కోవిల్‌పట్టిలో ఇంజనీరింగ్ చివరి సంవత్సరం. ఆ వారమే మా ఇంటికి వచ్చి, ల్యాప్‌టాప్ ముందర పెట్టుకొని తల పట్టుకొని కూర్చున్నాడు. ఏమిరా అంటే, "తాతా, నా ప్రోగ్రాములు ఎదగడం లేదు" అన్నాడు. వాడి ప్రాజెక్టు పేరు జెనెటిక్ ప్రోగ్రామింగ్. మనిషి ప్రోగ్రాం రాయడు. కంప్యూటరే కొన్ని వందల ప్రోగ్రాములను గుడ్డిగా పుట్టిస్తుంది. పనికి కాస్త దగ్గరగా వచ్చినవాటిని ఏరి, రెండిటిని పక్కపక్కన పెట్టి, దీని కొమ్మ దానికి, దాని కొమ్మ దీనికి అంటు కడుతుంది. అట్లా తరం తర్వాత తరం. అంటు ఎక్కడ కట్టాలి అనేదానికి చీటీ వేస్తుంది. మేము చెవులు నిక్కించింది ఆ చీటీ అన్న మాటకే.

ప్రోగ్రాంకు కొమ్మ ఎక్కడిది అని అడిగినాము. వాడు కాగితం మీద మాకు తెలిసిన లెక్కే వేసి చూపించినాడు. టికెట్ ఛార్జీ అంటే దూరాన్ని రేటుతో పెంచి, దానికి రిజర్వేషన్ రుసుము కూడాలి. పైన కూడిక గుర్తు, అది మొదలు. దానికి ఒక పక్క రుసుము, ఇంకొక పక్క పెంపకం గుర్తు. పెంపకం కింద దూరం, రేటు. తలకిందులుగా నిలబడిన చెట్టు. గుర్తులు కొమ్మ చీలే కణుపులు, అంకెలు కొసన ఉండే ఆకులు. చెరుకు గడకు కణుపు ఉన్నట్టే. ఈ చిన్న చెట్టులో అన్నీ కలిపి ఐదు చోట్లు, అందులో ఆకులు మూడు.

ఈ విద్యకు తండ్రి అని చెప్పేది అమెరికాలోని జాన్ కోజా అనే ఆయనను. ఆయనకు ముందే 1985లో నికెల్ క్రేమర్ అనే ఆయన చెట్టు రూపంలో ఉన్న ప్రోగ్రాములను ఇట్లా మార్పిడి చేసి చూసినాడు. ఇంకా వెనక్కి పోతే మిచిగన్‌లో జాన్ హాలండ్ 1975లో రాసిన పుస్తకం. కానీ దాన్ని ఒక పద్ధతిగా నిలబెట్టింది 1992లో వచ్చిన కోజా పుస్తకం. అందులో ఆయన మామూలుగా ఒక్కొక్క తరానికి 500 ప్రోగ్రాములు, 51 తరాలు నడుపుతాడు. కోజా వాడిన భాష లిస్ప్. ఆ భాషలో ప్రోగ్రాం అంటేనే ఒక చెట్టు. లిస్ప్‌ను 1958లో మొదలుపెట్టిన జాన్ మెకార్తీ దగ్గర డాక్టరేట్ చేసినవాడు మన రాజ్ రెడ్డి. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, మద్రాసు గిండీ కాలేజీలో ఇంజనీరింగ్ చదివి, 1994లో ట్యూరింగ్ బహుమానం తెచ్చుకొన్నాడు. ఈ చెట్టుకు మనవాళ్ళ నీళ్ళు కూడా తగిలినాయి అని చెప్పడానికే ఈ మాట.

కోజా గురించి మాకు నచ్చిన సంగతి ఇంకొకటి. మిచిగన్‌లో 1972లో డాక్టరేట్ తీసుకొని ఆయన మొదట చేసింది లాటరీ వ్యాపారం. గోరుతో గీకి అక్కడికక్కడే బహుమానం చూసుకొనే టికెట్టు ఉంది చూడండి, అది 1974లో మసాచుసెట్స్ రాష్ట్రంలో మొదలు వచ్చింది. దాన్ని తయారుచేసిన కంపెనీని పెట్టినవాళ్ళలో ఆయన ఒకడు. మన తమిళనాడులో ప్రభుత్వ లాటరీ 1968లో అన్నాదురై కాలంలో వచ్చి, 2003లో అన్ని లాటరీలూ నిషేధమై పోయినాయి. అంతవరకు సాయంకాలం బస్‌స్టాండులో ఫలితాల కాగితం కోసం నిలబడినవాళ్ళను మేము చూసినాము. జీతం రోజున టికెట్లు కొని నెలంతా అప్పు చేసినవాళ్ళు మా ఆఫీసులోనే ఉన్నారు. అదృష్టాన్ని అచ్చు వేసి అమ్మిన మనిషే తర్వాత అదృష్టంతో ప్రోగ్రాములు పెంచినాడంటే మాకు ఆశ్చర్యం లేదు. చీటీ ఎట్లా పడుతుందో ఆయనకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది?

అదృష్టాన్ని పనికి పెట్టుకోవడం అంతకుముందే మొదలైంది. 1927లో ఇంగ్లండులో టిప్పెట్ అనే ఆయన జనాభా లెక్కల పుస్తకాల్లోనుంచి 41,600 అంకెలు ఏరి, వరస లేని అంకెల పట్టీ అని అచ్చు వేసినాడు. 1955లో అమెరికాలో రాండ్ సంస్థ పది లక్షల అంకెలతో ఒక పుస్తకమే వేసింది. టెలిఫోన్ డైరెక్టరీ కంటే చదవడానికి కష్టమైన పుస్తకం అదొక్కటే అయి ఉంటుంది. మన దేశంలో మహలనోబిస్ బెంగాలు జనుము పొలాల్లో ఏ పొలం కొలవాలి అనేదాన్ని ఇట్లాంటి ఎంపికతోనే నడిపించినాడు. ఆయన కలకత్తా సంస్థలో నలభై ఏళ్ళు పనిచేసిన సి.ఆర్. రావు గారు మన తెలుగువారు. 1920లో అప్పటి బళ్ళారి జిల్లా హడగళిలో పుట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లెక్కలు చదివి, 2023లో 102 ఏళ్ళ వయసులో పోయినారు. గుడ్డి ఎంపికను సరిగా వాడితే నిజం దొరుకుతుంది అని చెప్పే పుస్తకం కూడా రాసినారు. సరిగా వాడితే, అన్నది ముఖ్యం.

ఇక మనమడి తలనొప్పికి వద్దాము. వాడు కెనడాలో లావాల్ విశ్వవిద్యాలయం వాళ్ళు చేసిన డీప్ అనే సాఫ్ట్‌వేర్ వాడుతున్నాడు. అందులో మామూలు మార్పిడి, మొదలును ఒకదాన్ని వదిలి, మిగిలిన అన్ని చోట్లనూ ఒకే కుండలో వేసి ఒకటి తీస్తుంది. అన్ని చోట్లకూ సమానమైన అవకాశం. ఇంతకంటే న్యాయం ఏముంది?

వాడు చెట్టు బొమ్మ గీసి మా చేతనే లెక్క పెట్టించినాడు. ప్రతి కణుపుకూ రెండు కొమ్మలు అనుకోండి. మొదలు 1, కింద 2, ఆ కింద 4, 8, 16, కొసన 32. మొత్తం 63. అందులో 32 ఆకులే, అంటే సగానికి పైగా. ఎన్ని అంతస్తులు పెంచినా ఇంతే. రెండేసి కొమ్మల చెట్టులో కణుపుల కంటే ఆకులు ఎప్పుడూ ఒకటి ఎక్కువ. ఆకుల మీది వరసలో ఉన్న 16 కణుపుల కింద కూడా రెండేసి ఆకులు తప్ప ఏమీ లేవు. 32, 16 కలిపితే 48. అంటే 63 సార్లు చీటీ తీస్తే సుమారు 48 సార్లు చేతికి వచ్చేది ఒక ఆకో, రెండాకుల రెమ్మో. పెద్ద కొమ్మ కదలదు. ప్రోగ్రాములు తరం తర్వాత తరం ఆకులు మార్చుకొంటూ కూర్చుంటాయి, చెట్టు రూపు మారదు.

ప్రతి చోటుకూ సమానమైన అవకాశం ఇస్తే, చెట్టులో ఏ జాతి ఎక్కువగా ఉందో ఆ జాతికే పంట. కుండ చేసిన మోసం ఏమీ లేదు. మేము ఆ కాగితం చేతిలో పట్టుకొని కాసేపు మాట్లాడలేదు.

కోజా దీన్ని 1992 పుస్తకంలోనే సరిచేసుకొన్నాడు. ముందు ఒక చీటీ: కణుపా, ఆకా? పదిలో తొమ్మిది వంతులు కణుపుకు, ఒక వంతు ఆకుకు. ఆ తర్వాత, తేలిన జాతిలో ఎవరు అనేదానికి రెండో చీటీ. ఇది తర్వాత వచ్చిన సాఫ్ట్‌వేర్లలో చాలావాటిలోకి పోయింది. జార్జ్ మేసన్ విశ్వవిద్యాలయంలో షాన్ ల్యూక్ చేసిన ఈసీజే అనేదాంట్లో ఈ ఎంపికకు కోజా పేరే పెట్టినారు. డీప్‌లో కూడా అట్లాంటి మార్పిడి వేరే ఉంది, మనవాడు చూసుకోలేదు. తొంభై, పది అనేది ఆకాశంనుంచి దిగిన లెక్క కాదు. ఒక మనిషి పని జరగాలని చూసి పెట్టిన వంతు. ఇది తప్పు, అది మేలు అని తర్వాత వాదించినవాళ్ళూ ఉన్నారు. కొమ్మల పరిమాణం చూసి జత కట్టాలని డబ్ల్యు.బి. లాంగ్డన్ వేరే పద్ధతి చెప్పినాడు. ఎవరు ఏది చెప్పినా, కుండలో ఏమి వేయాలో ముందు ఒక మనిషి తీర్మానించుకోవాలి. ఆ పని కుండ చేయదు.

రైల్వేవాళ్ళకు నచ్చే సంగతి ఒకటి ఇక్కడ చెప్పకపోతే మాకు నిద్ర పట్టదు. చెట్టులో ఎన్ని చోట్లు ఉన్నాయో ముందే తెలియకపోతే సమానంగా చీటీ ఎట్లా తీస్తారు? ఒకసారి అంతా నడిచి లెక్క పెట్టి, తర్వాత అంకె తీసి, మళ్ళీ నడవాలి. కానీ ఒకే నడకలో ముగించే యుక్తి ఉంది. మేము విరుదునగర్‌లో ట్రెయిన్స్ క్లర్కుగా ఉన్నప్పుడు, లోపలికి వచ్చే గూడ్స్ పక్కన నిలబడి వాగన్ నెంబర్లు రాసుకొనేవాళ్ళము. ఎన్ని వాగన్లో బ్రేక్ వ్యాన్ కంటపడేవరకు తెలియదు. అందులో ఒక్క వాగన్‌ను సమానమైన అవకాశంతో ఎంచాలంటే ఇట్లా చేయాలి. మొదటి వాగన్ నెంబరు చేతిలో రాసుకోండి. రెండోది వచ్చినప్పుడు రెండిట ఒక వంతు అవకాశంతో పాతది కొట్టేసి దాన్ని రాసుకోండి. మూడోదానికి మూడింట ఒక వంతు, నాలుగోదానికి నాలుగింట ఒక వంతు. బ్రేక్ వ్యాన్ దాటినప్పుడు చేతిలో మిగిలిందే ఎంపిక. వాగన్లు ఇరవై ఉన్నా, యాభై ఉన్నా, అన్నిటికీ సరిసమానమైన అవకాశమే పడుతుంది. నమ్మకం లేకపోతే మూడు వాగన్లకు వేసి చూడండి. 1985లో జెఫ్రీ విట్టర్ ఇట్లాంటి పద్ధతుల మీద వ్యాసమే రాసినాడు. ముప్పై ఏళ్ళు పట్టాల పక్కన నిలబడి మాకు ఇది తట్టలేదు.

ఇంకొక మాట. కంప్యూటర్ చీటీ తీసేది నిజమైన చీటీ కాదు. ఒక విత్తు అంకె ఇస్తే, దాన్ని పెంచి, కూడి, మిగులు తీసి అంకెల వరస పుట్టిస్తుంది. అదే విత్తు వేస్తే అదే వరస. 1960లలో ఐబీఎం యంత్రాల్లో రాండు అనే వరస చాలా వాడుకలో ఉండేది. దాని అంకెలను మూడు మూడుగా తీసుకొని గదిలో చుక్కలుగా పెడితే, గదంతా పరుచుకోవడానికి బదులు 15 పలకల మీదే పడతాయి. చీటీ తీసే పిల్లవాడికి లోపల ఏముందో ముందే కాస్త తెలిసినట్టే కదా.

పిల్లవాడు అన్నాము కాబట్టి ఉత్తరమేరూరుకు పోవాలి. సాత్తూరునుంచి దూరమే, కాంచీపురం జిల్లా. అక్కడ వైకుంఠ పెరుమాళ్ గుడి గోడ మీద మొదటి పరాంతక చోళుడి కాలం శాసనాలు రెండున్నాయి, క్రీ.శ. 919, 921 నాటివి. పురావస్తు శాఖ 1904-05 వార్షిక నివేదికలో వి. వెంకయ్య గారు వీటిని వివరించి రాసినారు. బడిలో తమిళ వాచకంలో కుడవోలై అని చదివి మార్కులు తెచ్చుకొన్నవాళ్ళం మనం. కుడం అంటే కుండ, ఓలై అంటే తాటాకు. ఊరి పనులు చూసే వారియాలకు మనుషులను చీటీతో ఎంచే పద్ధతి. బడిలో చెప్పింది అంతవరకే. అసలు యుక్తి దాని లోపల ఉంది.

ఊరిలో 30 కుడుంబులు, అంటే పేటలు. అందరి పేర్లూ ఒకే కుండలో పోయలేదు. పేట పేటకు చీటీలు వేరే కట్టగా కట్టి, పేట పేరు పైన రాసి, 30 కట్టలూ కుండలో వేసినారు. అర్చకుల్లో పెద్దవాడు సభకంతా కనబడేట్టు కుండ ఎత్తి నిలబడాలి. లోపల ఏముందో తెలియని చిన్నపిల్లవాడు ఒక కట్ట తీయాలి. ఆ కట్టను విప్పి రెండో కుండలో పోసి, కుదిపి, పిల్లవాడే అందులోనుంచి ఒక చీటీ తీయాలి. మధ్యస్థుడు దాన్ని ఐదు వేళ్ళూ చాచిన అరచేతితో అందుకోవాలి. వేళ్ళ సందున ఇంకొక చీటీ దాచకుండా ఉండడానికే కదా! ఆయన చదివినాక, అక్కడున్న అర్చకులందరూ కూడా చదవాలి. ఇట్లా పేటకు ఒకడు చొప్పున ముప్పైమంది. అందులో పన్నెండుమంది సంవత్సర వారియానికి, పన్నెండుమంది తోట వారియానికి, ఆరుమంది చెరువు వారియానికి.

ముందు కొమ్మ, తర్వాత ఆకు. వెయ్యేళ్ళకు ముందరి రెండు కుండలు. పెద్ద పేటలో వందమంది ఉన్నా, చిన్న పేటలో పదిమంది ఉన్నా, పేటకు ఒకడే. మూడేళ్ళలోపు పదవి చేసినవాడి పేరు వేయకూడదు. లెక్క అప్పగించనివాడి పేరు వేయకూడదు, వాడి చుట్టాల పేర్లూ వేయకూడదు. లెక్కలు చూసిన గుమాస్తాగా ఈ నియమం మాకు చాలా ఇష్టం.

అట్లని ఆ కాలాన్ని నెత్తిన పెట్టుకొని ఊరేగనక్కరలేదు. 921 నియమం ప్రకారం చీటీ ఎక్కాలంటే పన్ను కట్టే కాలు వేలి భూమి ఉండాలి, సొంత స్థలంలో ఇల్లు ఉండాలి, వేదం తెలిసి ఉండాలి, వయసు 35నుంచి 70 లోపల ఉండాలి. అది బ్రాహ్మణుల ఊరు. ఆడవాళ్ళకు చీటీ లేదు, దున్నినవాడికి చీటీ లేదు. ఆ తర్వాత ఎన్నో వందల ఏళ్ళకు నాయకుల కాలంలో ఎడ్ల బండ్ల మీద ఈ కరిసల్ నేలకు వచ్చిన మన తాతలు ఆ ఊరిలో ఉండి ఉంటే, వాళ్ళ పేరు ఏ కట్టలోనూ ఉండేది కాదు. కుండ ఎంత ఎత్తి చూపించినా, బయట ఉండిపోయిన పేరు కనబడదు.

ఇక మన మండపం. లెక్క పుస్తకం తీసి చూసినాము. వగయరాలు 11. చీటీలు 140. అన్నిటికంటే పెద్ద వగయరాకు 46, చిన్నదానికి 3. తొమ్మిదేళ్ళలో ఇచ్చిన సాయాలు 36. పెద్ద వగయరాకు 13 పోయినాయి. మూడు చీటీల వగయరాకు ఒక్కటీ పోలేదు. మోసం ఉందా అని మనమడి చేత లెక్క వేయించినాము. 46 చీటీలకు 36లో సుమారు 12 రావాలి, 13 వచ్చినాయి. మూడు చీటీలకు తొమ్మిదేళ్ళలో ఒక్కటి కూడా రాకపోవడానికి దాదాపు సగానికి సగం అవకాశం ఉంది. కాబట్టి మోసం లేదు. ఉన్నదంతా మేము రాసిన నియమమే. ఒకే ఇంటిలో నలుగురు చందా కడితే ఒక బిడ్డ చదువుకు నాలుగు చీటీలు. భర్త పోయి, ఒక్కతే చందా కట్టే ఇంటికి ఒక చీటీ. ఎవరికి చేతనవునో వాళ్ళకే ఎక్కువ చీటీలు వేసి, కుండకు కళ్ళు లేవని తొమ్మిదేళ్ళు చెప్పుకొన్నాము.

బిడ్డకు ఒక చీటీ అని మార్చితే చాలదా అని ఒకరు ఫోన్‌లో అడిగినారు. అది తప్పకుండా మార్చాలి. అయినా పెద్ద వగయరాలో బిడ్డలూ ఎక్కువే. ఉత్తరమేరూరు పద్ధతి అట్లే తెచ్చి, ఏటా నాలుగు కట్టలు తీసి, వచ్చిన వగయరాను పక్కన పెడితే, మూడేళ్ళలో పదకొండు వగయరాలకూ ఒక్కొక్కటి దక్కుతుంది. అప్పుడు పెద్ద వగయరావాళ్ళకు కోపం వస్తుంది, అందులో న్యాయమూ ఉంది. అక్కడా కూలికి పోయే ఇళ్ళున్నాయి, అంతమందికి మూడేళ్ళకు ఒకటేనా అంటారు. ఏ పక్క వంచినా ఒక పక్క నొప్పి.

మాకు తోచింది ఇది. నాలుగింటిలో మూడు వగయరా కట్టలనుంచి తీద్దాము. పేరు వచ్చిన వగయరా కట్ట, పదకొండూ ముగిసేవరకు మళ్ళీ కుండలో పడకూడదు. నాలుగేళ్ళలో చుట్టు ముగుస్తుంది. నాలుగోది అందరి బిడ్డల పేర్లూ కలిపిన కుండలోనుంచి. మూడు, ఒకటి అనే వంతు ఎక్కడిది అంటే, కోజా తొంభై, పది ఎక్కడివో ఇదీ అక్కడిదే. మనుషులు కూర్చొని పెట్టుకొన్నది. రెండు, రెండు అంటారా, చెప్పండి, వాదిద్దాము. ఆ ఆడబిడ్డ చిన్న కూతురికి వచ్చే జూన్‌లో కాలేజీ. కొత్త నియమంలో కూడా చీటీ పడుతుందని మేము మాట ఇవ్వలేము. ఆమె ఇంటికి పోయి ఆ మాటే చెప్పి వచ్చినాము. "ఈసారి కట్ట ఉంటుంది కదా పెద్దనాయనా" అన్నది.

మనమడి ప్రోగ్రాములు ఇప్పుడు కాస్త ఎదుగుతున్నాయట.

వచ్చే సర్వసభ్య సమావేశంలో ఈ తీర్మానం పెడతాము. నియమం రాసినవాళ్ళమే కాబట్టి ఆ రోజు కుండ మేము పట్టుకోము, ఇంకెవరైనా పట్టుకోవాలి. ఈసారి రెండు కుండలు కావాలి. ఒకటి మా ఇంట్లో ఉంది. రెండోది, మూతి వెడల్పుగా ఉండి చిన్నపిల్లల చెయ్యి దూరేది, ఎవరింట్లో ఉన్నా తెచ్చి ఇవ్వండి. ఇంకా అక్షరాలు రాని వయసు బిడ్డ ఒకరు కూడా కావాలి. మా మనమరాలు పనికి రాదు, చదవడం నేర్చేసుకొంది.